కగ పెద్దదా, గక పెద్దదా? ఆపరేటర్ల లబ్ధాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు, ఎంట్రన్సులకు చదివేవాళ్లకు క్వాంటం మెకానిక్స్ చెబుతుంటాను. పొద్దున పినాకిని రైల్లో ఒంగోలు నుంచి, కావలి నుంచి వచ్చి దిగేవాళ్లు కూడా ఉంటారు. ఏటా కమ్యూటేటర్ల పాఠం మొదలైన వారానికి ఒకే డౌటు పది రకాలుగా వస్తుంది. ప్రతిసారీ బోర్డు మీద మొదటి నుంచి చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించి ఈ పేజీ మొదలుపెట్టాను.

గుర్తుల గురించి ఒక మాట. మీ పుస్తకాల్లో ఆపరేటర్లకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఉంటాయి. ఇక్కడ వాటిని క, గ అంటున్నాను. రెండింటి లబ్ధాలు కగ, గక. వాటి తేడా కగ − గక ని కమ్యూటేటర్ అంటారు, అది సున్నా అయితే క, గ కమ్యూట్ అవుతాయంటారు. స్థానం ఎక్స్, ద్రవ్యవేగం పి. ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు పైలతో భాగిస్తే వచ్చేది హెచ్‌బార్. మైనస్ ఒకటి వర్గమూలం ఐ. ప్రత్యేకంగా చెప్పకపోతే క, గ రెండూ హెర్మీషియన్ ఆపరేటర్లే (ఏ స్థితిలోనైనా సగటు విలువ వాస్తవ సంఖ్యే అయ్యేవి) అనుకోండి.

కగ అని రాస్తే ముందు ఏది పనిచేస్తుంది సార్?

గ. కుడివైపున ఉన్నదే ముందు. వేవ్ ఫంక్షన్ (కణం స్థితిని చెప్పే ఫంక్షన్) కుడి చివర కూర్చుని ఉంటుంది కాబట్టి దానికి దగ్గరగా ఉన్నది ముందు తగులుతుంది. తెలుగులో ప్రత్యయాలు మాటకు కుడివైపున ఒకదాని వెనక ఒకటి చేరతాయి: చెప్పు, చెప్పించు, చెప్పించలేను. ఆపరేటర్లూ అలాగే చేరతాయి, కాకపోతే ఎడమవైపున. పేపర్లు దిద్దేటప్పుడు నాకు కనిపించే తప్పుల్లో చాలా భాగం ఈ ఒక్క చోట పుట్టినవే.

చిన్నప్పుడు 3 × 5, 5 × 3 ఒకటే అన్నారు. ఇప్పుడు కాదంటే ఎలా?

సంఖ్యలకు స్థిత్యంతర ధర్మం ఉంది, దానికేమీ కాలేదు. ఆపరేటర్ సంఖ్య కాదు, అది ఒక పని. రెండు పనులు వరుస మార్చి చేస్తే ఫలితం మారొచ్చు.

దీనికి మా ఊళ్లో అందరూ చెప్పే ఉదాహరణ చేపల పులుసు. పులుసు మరిగాక ముక్కలు వేయడం వేరు, ముక్కలు ముందే వేసి చింతపండు రసం పోయడం వేరు. నేనూ కొన్నేళ్లు అదే చెప్పాను, తర్వాత మానేశాను. ఎందుకంటే పులుసులో జరిగేది వెనక్కి తిరగదు. దాంతో పిల్లలు ఏదో ఒకటి పాడైపోవడం వల్లే వరుస ముఖ్యమవుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. ఏదీ పాడవకుండా, ప్రతి పనినీ వెనక్కి తిప్పగలిగినా కూడా వరుస ముఖ్యం కావచ్చు.

అందుకని పలక తెచ్చుకోండి. మార్కాపురం పలకైతే మరీ మంచిది, చెక్క ఫ్రేముతో గట్టిగా నిలబడుతుంది. దాని మీద పెద్దగా "అ" అని రాసి, రాసిన వైపు పైకి ఉండేలా, అక్షరం మీకు సరిగ్గా కనపడేలా బల్ల మీద పెట్టండి. పని ఒకటి: ఆ సమయానికి మీకు దూరంగా ఉన్న అంచును లేపి పలకను 90 డిగ్రీలు నిలబెట్టడం, అంటే అక్షరం మీ వైపు చూస్తుంది. పని రెండు: నిట్టనిలువు ఇరుసు చుట్టూ, పై నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పడం.

ముందు లేపి తర్వాత తిప్పితే పలక నిటారుగా నిలబడి, "అ" సరిగ్గానే ఉండి, మొహం కుడివైపు గోడకు ఉంటుంది. ముందు బల్ల మీదే తిప్పి తర్వాత లేపితే పలక మీ వైపే చూస్తుంది, కానీ "అ" పక్కకు పడుకుని ఉంటుంది. రెండు పనులూ వెనక్కి తిప్పగలిగేవే. పలకకు గీత కూడా పడలేదు. ఫలితాలు మాత్రం వేరు.

ఇప్పుడు 90 బదులు 10 డిగ్రీలు తిప్పండి. రెండు వరుసల మధ్య తేడా సుమారు 1.7 డిగ్రీలు. ఒక్క డిగ్రీ తిప్పితే తేడా సుమారు 0.017 డిగ్రీ. కోణం పదో వంతుకు తగ్గితే తేడా వందో వంతుకు తగ్గింది. ఆ మిగిలిన చిన్న తేడా కూడా ఒక తిప్పుడే, అదీ మూడో ఇరుసు చుట్టూ. కోణీయ ద్రవ్యవేగంలో మీరు బట్టీ పట్టే సూత్రం, ఎక్స్, వై భాగాల కమ్యూటేటర్ ఐ·హెచ్‌బార్ రెట్లు జెడ్ భాగం అనేది, ఈ పలక చెప్పిన మాటే.

ఈ సంగతి మొదట ఎవరి కంట పడింది?

హైసెన్‌బర్గ్ కంట. 1925 జూన్‌లో పుప్పొడి ఎలర్జీతో ముక్కూ మొహం వాచి, చెట్టూ చేమా పెద్దగా లేని హెల్గోలాండ్ దీవికి వెళ్లాడు. అక్కడ తన లెక్కలో రెండు రాశుల లబ్ధం వరుసను బట్టి మారుతోందని చూశాడు. అది ఆయనకు నచ్చలేదు, ఒక ఇబ్బందిగానే తోచింది. మన ఇంటర్ పిల్లలు నిద్రలో కూడా చేసే మాత్రికల గుణకారం అప్పటికి ఆయనకు తెలియదు. అవి మాత్రికలని గుర్తుపట్టింది మాక్స్ బోర్న్. బోర్న్, జోర్డాన్ కలిసి ఆ ఏడాదే ఎక్స్·పి − పి·ఎక్స్ = ఐ·హెచ్‌బార్ అన్న సంబంధాన్ని రాశారు. గోటింగెన్‌లో బోర్న్ సమాధి రాయి మీద ఈ సమీకరణమే చెక్కి ఉంటుంది.

ఇబ్బందిగా తోచినదే అసలు విషయమని పట్టుకున్నవాడు డిరాక్. ఒక ఆదివారం నడకకు వెళ్లినప్పుడు ఈ తేడా క్లాసికల్ మెకానిక్స్‌లోని పాయిజాన్ బ్రాకెట్ లాగా ఉందని తట్టింది. పాయిజాన్ బ్రాకెట్ నిర్వచనం సరిగ్గా గుర్తులేదు, ఆదివారం కాబట్టి లైబ్రరీ మూత. సోమవారం తెరిచేదాకా టెన్షన్‌తో గడిపానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఈ తేడా బయట ప్రపంచంలో ఎందుకు కనపడదు?

500 కిలోల ఒంగోలు గిత్త సెకనుకు ఒక మీటరు చొప్పున నడుస్తోంది అనుకుందాం. ఒక మీటరు దూరంతో దాని ద్రవ్యవేగాన్ని గుణిస్తే 500 జౌల్-సెకన్లు. హెచ్‌బార్ విలువ సుమారు 1.05 × 10⁻³⁴ జౌల్-సెకన్లు. అంటే ఎక్స్·పి, పి·ఎక్స్ మధ్య తేడా ఆ లబ్ధంలో 2 × 10⁻³⁷ వంతు. గిత్తకు అది తెలిసే దారి లేదు.

హైడ్రోజన్ పరమాణువులో ఎలక్ట్రాన్‌ను తీసుకోండి. బోర్ వ్యాసార్ధం 5.29 × 10⁻¹¹ మీటర్లు, అక్కడి ద్రవ్యవేగం సుమారు 1.99 × 10⁻²⁴. గుణిస్తే 1.05 × 10⁻³⁴, అంటే సరిగ్గా హెచ్‌బార్. అక్కడ లబ్ధం ఎంతో తేడా కూడా అంతే. అందుకే పరమాణువులో వరుస మర్చిపోతే మొత్తం లెక్కే పోతుంది.

అసలు ప్రశ్న: కగ పెద్దదా, గక పెద్దదా?

కావలి అబ్బాయి ఒకడు క్లాసు మధ్యలో లేచి అడిగిన ప్రశ్న ఇది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆ క్షణాన నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు.

"దేనిలో పెద్దది?" అని తిరిగి అడగాలి. నెల్లూరు పెద్దదా ఒంగోలు పెద్దదా అంటే జనాభాలోనా, విస్తీర్ణంలోనా అని అడగమా? ఆపరేటర్ విషయంలో "పెద్ద" అనే మాటకు ప్రామాణికమైన అర్థం ఒకటుంది: ప్రతి స్థితిలోనూ ఒకదాని సగటు విలువ రెండోదాని సగటు విలువ కంటే తక్కువ కాకుండా ఉంటే మొదటిది పెద్దది. ఇలా పోల్చాలంటే ఆ సగటు విలువలు వాస్తవ సంఖ్యలు కావాలి, అంటే పోల్చేవి హెర్మీషియన్ కావాలి. క, గ రెండూ హెర్మీషియన్ అయినా, అవి కమ్యూట్ కాకపోతే కగ హెర్మీషియన్ కాదు. కగ యొక్క అడ్జాయింట్ (మాత్రికైతే అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి, ప్రతి సంఖ్యకూ సంయుగ్మం తీసుకుంటే వచ్చేది) గక. కాబట్టి సగటు విలువలు సంకీర్ణ సంఖ్యలవుతాయి. సంకీర్ణ సంఖ్యల్లో పెద్దా చిన్నా ఉండవు.

అంటే ఆ ప్రశ్న ఆ రూపంలో నిలబడదు. కానీ దాన్ని విడగొట్టి సగటు విలువ ఒకటేనా, ఐగన్ విలువలు (వెక్టార్ దిశ మార్చకుండా ఆపరేటర్ దాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్యలు) ఒకటేనా, ట్రేస్ (కర్ణం మీది సంఖ్యల మొత్తం) ఒకటేనా, నార్మ్ (ఆపరేటర్ ఒక స్థితిని గరిష్ఠంగా ఎంత పెంచగలదో ఆ కొలత) ఒకటేనా అని అడిగితే ప్రతిదానికీ గట్టి జవాబుంది. వింత ఏమిటంటే ఈ జవాబుల్లో చాలావరకు "ఒకటే" అని వస్తాయి. కగ, గక వేరు వేరు అని అంత గొడవ చేశాక కొలతల్లో చాలా భాగం వాటిని విడదీయలేవు. ఎక్కడ విడదీస్తాయో అక్కడే చూడాల్సిన ఫిజిక్స్ ఉంటుంది.

సగటు విలువ సంగతి?

ఏ స్థితిలోనైనా కగ సగటు, గక సగటు ఒకదానికొకటి సంకీర్ణ సంయుగ్మాలు. వాస్తవ భాగం ఒకటే, కల్పిత భాగం గుర్తు మాత్రం మారుతుంది. కమ్యూటేటర్ పట్టుకునేది ఆ కల్పిత భాగాన్నే.

హార్మోనిక్ ఆసిలేటర్ కనిష్ఠ స్థితిలో ఎక్స్ సగటు సున్నా, పి సగటు సున్నా. ఎక్స్·పి సగటు కూడా సున్నా అని రాస్తే తప్పు. అది ఐ·హెచ్‌బార్/2. పి·ఎక్స్ సగటు −ఐ·హెచ్‌బార్/2. ఆసిలేటరే అక్కర్లేదు, నార్మలైజ్ చేసిన ఏ వాస్తవ వేవ్ ఫంక్షన్‌కైనా, అనంతంలో అది సున్నాకు సరిపడా వేగంగా చేరితే, ఇదే విలువ. ఒకసారి బై పార్ట్స్ చేసి చూడండి, రెండు లైన్లలో వస్తుంది.

ఐగన్ విలువలు మారతాయా?

చదరపు మాత్రికలైతే మారవు. కగ, గక లకు లాక్షణిక బహుపది ఒకటే. సున్నా కాని ఐగన్ విలువకు రుజువు చిన్నది: కగ కు ఒక ఐగన్ వెక్టార్ ఉంటే, దాని మీద గ వేయండి. వచ్చిన వెక్టార్ గక కు అదే విలువతో ఐగన్ వెక్టార్ అవుతుంది.

అనంత పరిమాణాల్లో సున్నా దగ్గర తేడా రావచ్చు. దీనికి అందమైన ఉదాహరణ నిచ్చెన ఆపరేటర్లు (ఆసిలేటర్‌ను ఒక శక్తి మెట్టు ఎక్కించేది, దించేది; ఇవి హెర్మీషియన్ కావు). దించే ఆపరేటర్ వేసి తర్వాత ఎక్కించేది వేస్తే ఐగన్ విలువలు 0, 1, 2, 3... ముందు ఎక్కించి తర్వాత దించితే 1, 2, 3... సున్నా ఒక్కటే జారిపోయింది. కారణం తేలికే. అట్టడుగు మెట్టు మీద ఉన్నవాడిని ముందే దించబోతే ఏమీ మిగలదు. ముందు ఎక్కిస్తే దించడానికి చోటుంటుంది. ఆ రెండు వరుసల సగటు తీసుకుంటే వచ్చే అదనపు సగమే ఆసిలేటర్ జీరో పాయింట్ శక్తి.

ట్రేస్ ఎప్పుడూ ఒకటే అన్నారు. మరి ఎక్స్·పి − పి·ఎక్స్ ట్రేస్ సున్నా కావాలి కదా? ఐ·హెచ్‌బార్ ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను టీ ఇప్పిస్తాను. ఇప్పటికి ముగ్గురికి ఇప్పించాను.

ఎన్ × ఎన్ మాత్రికలైతే ఎడమవైపు ట్రేస్ కచ్చితంగా సున్నా. కుడివైపు ఐ·హెచ్‌బార్ రెట్లు యూనిట్ మాత్రిక, దాని ట్రేస్ ఎన్ రెట్లు ఐ·హెచ్‌బార్. రెండూ సమానం కావు. కాబట్టి ఆ సంబంధాన్ని తీర్చే పరిమిత మాత్రికలు ఎంత పెద్ద సైజులో వెతికినా దొరకవు. ఎక్స్, పి లు అనంత పరిమాణాల్లోనే బతకగలవు, అక్కడ ఈ లబ్ధాలకు ట్రేస్ అనేదే నిర్వచితం కాదు. అనంతం ఒక్కటీ చాలదు కూడా. రెంటిలో కనీసం ఒకటి హద్దు లేనిదై ఉండాలని వింట్నర్ 1947లో, వీలాంట్ మరో దారిలో 1949లో నిరూపించారు.

ఎక్స్, పి లను కంప్యూటర్లో 50 × 50 మాత్రికలుగా కత్తిరించి ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆసిలేటర్ స్థితుల బేసిస్‌లో కత్తిరిస్తే కమ్యూటేటర్ కర్ణం మీద 49 చోట్ల ఐ·హెచ్‌బార్ సరిగ్గా వస్తుంది. చివరి మూలలో −49 ఐ·హెచ్‌బార్ వస్తుంది. ప్రోగ్రామ్‌లో బగ్ ఉందని రాత్రంతా వెతుక్కోకండి. ట్రేస్‌ను సున్నా చేయడానికి ఆ మూల మొత్తం అప్పు కట్టింది, అంతే.

నార్మ్ ఒకటేనా? ప్రయోగంలో తేడా చూడగలమా?

హెర్మీషియన్ అయితే నార్మ్ ఒకటే, ఎందుకంటే ఆపరేటర్‌కూ దాని అడ్జాయింట్‌కూ నార్మ్ ఒకటే. కానీ ఒక నిర్దిష్ట స్థితి మీద వేస్తే ఫలితాలు వేరు కావచ్చు. చూడటానికి రెండు పోలరాయిడ్ ముక్కలు చాలు.

క అంటే నిలువు పోలరాయిడ్, గ అంటే 45 డిగ్రీల వాలుగా పెట్టినది. నిలువుగా పోలరైజ్ అయిన కాంతి పంపండి. ముందు క, తర్వాత గ (అంటే గక): క గుండా మొత్తం వెళ్తుంది, గ గుండా సగం. మిగిలింది సగం. ఇప్పుడు వరుస మార్చి ముందు గ, తర్వాత క (అంటే కగ): గ దగ్గర సగం, క దగ్గర దానిలో సగం. మిగిలింది పావు. అవే ముక్కలు, అదే కాంతి, వెలుగు రెండింతలు తేడా. నిజం పోలరాయిడ్ కొంత కాంతిని అదనంగా మింగుతుంది, ఆ నష్టం రెండు వరుసల్లోనూ ఒకటే.

మరి నార్మ్ ఒకటే అన్నాం కదా? కగ కు కూడా సగం పంపే కాంతి ఒకటుంది: 45 డిగ్రీల్లో పోలరైజ్ అయినది. నార్మ్ అంటే అన్ని స్థితుల్లో వెతికితే దొరికే గరిష్ఠం. ఆ గరిష్ఠం రెంటికీ ఒకటే, దొరికే చోటు మాత్రం వేరు.

కగ సున్నా అయితే గక కూడా సున్నాయేనా?

హెర్మీషియన్ అయితే అవును, అడ్జాయింట్ తీసుకోండి. కాకపోతే కాదు. క, గ మాత్రికలు అనుకోండి, ఇక్కడ వరుస అంటే అడ్డు వరుస. క మొదటి వరుస 0, 1. రెండో వరుస 0, 0. గ మొదటి వరుస 1, 0. రెండో వరుస 0, 0. కగ సున్నా, గక మాత్రం క అవుతుంది. చేతితో గుణించి చూడండి.

రెండు వరుసలనూ కలిపి సగం చేస్తే గొడవ తీరిపోతుంది కదా?

(కగ + గక)/2 హెర్మీషియన్ అవుతుంది, ఆ మేరకు గొడవ తీరుతుంది. హైడ్రోజన్ పరమాణువును 1926లో పౌలీ సాధించినప్పుడు రూంగే-లెంజ్ వెక్టార్‌ను (కక్ష్య ఎటు తిరిగి ఉందో చెప్పే రాశిని) ఇలాగే, రెండు వరుసల సగటుగానే రాశాడు. అక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ దీన్ని సర్వరోగ నివారిణి అనుకుంటే రెండు చోట్ల దెబ్బ తింటారు.

ఒకటో దెబ్బ. ఎక్స్²·పి² అనే క్లాసికల్ రాశికి ఆపరేటర్ రాయమంటే ఎలా రాస్తారు? డి = (ఎక్స్·పి + పి·ఎక్స్)/2 అనుకుందాం. అప్పుడు ఎక్స్·పి = డి + ఐ·హెచ్‌బార్/2, పి·ఎక్స్ = డి − ఐ·హెచ్‌బార్/2. ఈ రెండూ చేతిలో ఉంటే మిగతాది కూడికలే. హెర్మీషియన్ అయిన వరుసలు చాలా ఉన్నాయి:

ఎక్స్·పి²·ఎక్స్ = డి² + హెచ్‌బార్²/4
డి ని వర్గం చేస్తే = డి²
ఆరు వరుసల సగటు (వైల్ వరుస) = డి² − హెచ్‌బార్²/4
(ఎక్స్²·పి² + పి²·ఎక్స్²)/2 = డి² − 3 హెచ్‌బార్²/4

నాలుగూ హెర్మీషియనే, నాలుగూ "సరైనవే", నాలుగూ వేరు. తేడా హెచ్‌బార్ వర్గంలో ఉంది కాబట్టి క్లాసికల్ మెకానిక్స్ వీటిలో ఏది కావాలో చెప్పలేదు. పి·ఎక్స్²·పి కూడా వేసి చూడండి, ఎక్స్·పి²·ఎక్స్ ఎంతో అంతే వస్తుంది. నాకు మొదటిసారి అది ఆశ్చర్యంగానే అనిపించింది. అన్ని బహుపదులకూ పాయిజాన్ బ్రాకెట్లు కమ్యూటేటర్లుగా సరిగ్గా మారేలా ఒకే నియమం పెట్టడం సాధ్యం కాదని గ్రోనెవోల్డ్ 1946లో చూపించాడు.

రెండో దెబ్బ ఇంకా నొప్పి. పైన చెప్పిన పోలరాయిడ్లనే తీసుకోండి. క మాత్రిక: మొదటి వరుస 1, 0, రెండో వరుస 0, 0. గ లో నాలుగు చోట్లా 1/2. రెండూ ప్రొజెక్షన్లు, కొలిస్తే 0 లేదా 1 తప్ప రుణ విలువ వచ్చే మాటే లేదు. ఇప్పుడు (కగ + గక)/2 వేయండి. మొదటి వరుస 1/2, 1/4. రెండో వరుస 1/4, 0. డిటర్మినెంట్ −1/16. ఐగన్ విలువలు సుమారు 0.604, −0.104. రెండు ధన ఆపరేటర్లను మర్యాదగా సగటు చేస్తే రుణ విలువ పుట్టింది! దీన్ని "రెంటి గుండా పోయే సంభావ్యత" అని పిలవబోతే రుణ సంభావ్యత వస్తుంది. ధనంగానే ఉండాలంటే కగక అని శాండ్‌విచ్ లాగా రాయాలి. ఇక్కడ అది క లో సగం. అప్పుడు మళ్లీ క కు గ కంటే ఎక్కువ మర్యాద ఇచ్చినట్టవుతుంది. ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

గ, క కంటే పెద్దదైతే గ², క² కంటే పెద్దదే కదా?

ధన సంఖ్యలకు అవును. ఆపరేటర్లకు కాదు. క లో నాలుగు చోట్లా 1. గ మొదటి వరుస 2, 1. రెండో వరుస 1, 1. గ − క లో మూలన ఒక్క 1 ఉంది, మిగతావి సున్నాలు, కాబట్టి గ పెద్దదే. గ² − క² వేస్తే మొదటి వరుస 3, 1. రెండో వరుస 1, 0. డిటర్మినెంట్ −1, అంటే ఒక ఐగన్ విలువ రుణం. వర్గం చేయగానే పోలిక పోయింది. విచిత్రంగా వర్గమూలం తీసుకుంటే మాత్రం పోలిక నిలబడుతుంది. లూవ్నర్ 1934లో నిరూపించిన ఫలితంలో అదొక భాగం.

అమరావతిలో క్వాంటం వ్యాలీ అంటున్నారు. ఈ వరుసల గొడవ అక్కడ పనికొస్తుందా?

బాగా. పేపర్లో ఆ వార్త వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న పెరిగింది.

క్వాంటం కంప్యూటర్‌తో ఒక అణువును అనుకరించాలంటే హామిల్టోనియన్ (మొత్తం శక్తి ఆపరేటర్) మొత్తం ఎక్స్‌పొనెన్షియల్ కావాలి. యంత్రం మాత్రం ఒక్కో ముక్కనే నడపగలదు. ఆ ముక్కలు క, గ అనుకోండి. క, గ కమ్యూట్ అయితే రెండు ఎక్స్‌పొనెన్షియల్స్ లబ్ధం మొత్తానికి సమానం. కాకపోతే కమ్యూటేటర్‌లో సగం ముందుగా వచ్చి కూర్చుంటుంది, దాని వెనక ఇంకా గూళ్లు కట్టిన కమ్యూటేటర్లు వస్తాయి. అందుకని సమయాన్ని ఎన్ ముక్కలు చేసి క కొంచెం, గ కొంచెం, మళ్లీ క కొంచెం అని నడుపుతారు. ట్రాటర్ 1959 నాటి సూత్రం ఇది. మొత్తం తప్పు ఎన్ పెరిగేకొద్దీ 1/ఎన్ లాగా తగ్గుతుంది. క సగం, గ మొత్తం, క సగం అని వరుసను అద్దంలో బొమ్మలా పేరిస్తే తప్పు 1/ఎన్² లాగా తగ్గుతుంది. అదనపు ఖర్చు దాదాపు లేదు, పక్కపక్కన పడిన రెండు సగాలు కలిసి ఒకటైపోతాయి.

ఇంకో ముచ్చట. ఎక్స్, పి ఎప్పుడూ కమ్యూట్ కావు. కానీ స్థానాన్ని కొంత దూరం జరిపే ఆపరేటర్, ద్రవ్యవేగాన్ని కొంత జరిపే ఆపరేటర్ ఉన్నాయే, అవి రెండూ ఎక్స్‌పొనెన్షియల్స్. వాటి వరుస మారిస్తే ఒక ఫేజ్ మాత్రమే తేడా. ఆ రెండు జరుగుళ్ల లబ్ధం సరిగ్గా ప్లాంక్ స్థిరాంకానికి (హెచ్‌బార్‌కి కాదు, హెచ్‌కి) పూర్ణాంక రెట్లైతే ఆ ఫేజ్ 1 అవుతుంది, అవి కమ్యూట్ అవుతాయి. 2001లో గాట్స్‌మన్, కితయేవ్, ప్రెస్కిల్ ప్రతిపాదించిన ఎర్రర్ కరెక్షన్ కోడ్ ఈ కిటుకు మీదే నిలబడింది.

కమ్యూట్ కాకపోతే రెండూ ఒకేసారి తెలియవు అన్నారు. ఎప్పుడూనా?

ఆ మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. రాబర్ట్‌సన్ 1929లో ఇచ్చిన రూపంలో రెండు అనిశ్చితుల లబ్ధం, కమ్యూటేటర్ సగటు పరిమాణంలో సగానికి తగ్గదు. ఇక్కడ సగటు అనే మాట ఉంది, అది స్థితిని బట్టి మారుతుంది. హైడ్రోజన్ ఎస్ స్థితిలో కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం మూడు భాగాలూ కచ్చితంగా సున్నా. అవి ఒకదానితో ఒకటి కమ్యూట్ కాకపోయినా మూడూ తెలిసినట్టే. ఎక్స్, పి లకు ఆ వెసులుబాటు లేదు. వాటి కమ్యూటేటర్ ఒక స్థిర సంఖ్య, ఏ స్థితిలోనూ సున్నా కాదు.

పరీక్షలో మార్కులు ఎక్కడ పోతాయి?

మూడు చోట్ల. (క + గ)² ను విస్తరించేటప్పుడు 2కగ అని రాసేయడం. అక్కడ కగ + గక ఉండాలి. రెండోది, కగ అడ్జాయింట్‌లో వరుస తిప్పడం మర్చిపోవడం. మూడోది, ఎక్స్, పి కమ్యూటేటర్ లెక్కించేటప్పుడు పక్కన ఒక ఫంక్షన్ పెట్టకపోవడం. ఉత్త డెరివేటివ్‌ను గాల్లో వదిలేస్తే అది ఎక్స్‌ను ఒక్కదాన్నే డిఫరెన్షియేట్ చేసినట్టు కనిపిస్తుంది. ఫంక్షన్ పెట్టి, రెండు వరుసలూ విడిగా చేసి, తీసివేసి, చివర్లో ఫంక్షన్ తీసేయండి. ఒక లైను ఎక్కువవుతుంది, పోనీండి.

ఆపరేటర్ నెత్తిన టోపీ గుర్తు పెట్టకపోతే మార్కులు కట్ చేస్తారా?

కొందరు చేస్తారు. పెట్టండి, టోపీకి ఖర్చేముంది.